కతోలికుల కావ్యదృష్టి – చలనచిత్రదృష్టి



పల్లెలలో పెద్దలనిపించుకొన్నవారికి నేడొక చిక్కు వచ్చిపడినది. పూర్వము వీథినాటకమో తోలుబొమ్మలాటయో ఊరికి వచ్చినప్పుడు ఆడనీయవలెనా వలదా యని రచ్చబండకడ నలుగురు కూర్చుండి తేల్చెడివారు. పిమ్మట డేరాసినిమా వచ్చినది. దానికిని ఊరిపెద్దల మాట యొకటి యుండెడిది. ఇప్పుడన్ననో ప్రతి బాలుని యరచేతిలోను చలనచిత్రమే. అడ్డగించుటకు గుమ్మమే లేదు. ఈ పుస్తకము చదువదగినదా, ఈ చిత్రము చూడదగినదా యని మనల నడుగువారే యరుదు. ఎవరేని యడిగినచో ఏ కొలతతో కొలిచి చెప్పవలెనో మనకును దోచదు.

ఈ కొలతను గూర్చి మనకంటె ముందుగను, మనకంటె పట్టుదలతోను, నాలుగువందల యేండ్లకు పైగా తర్కించుకొన్న సమాజమొకటి కలదు. రోమునగరమందలి పోపుగారిని శిరసావహించు కతోలిక క్రైస్తవసమాజమది. మన పల్లెలలో వారిని ఆర్. సి. యం. వారని వ్యవహరింతుము. కథను, నవలను, చలనచిత్రమును వారే కన్నుతో చూచిరో, ఆ చూపు కాలక్రమమున నెట్లు మాఱినదో నేడు మనవిచేసెదను.

నేనా మతమున బుట్టినవాడను గాను. నా చదువు అమరముతో మొదలై ప్రతాపరుద్రీయముతో ముగిసిన పాతకాలపు చదువు. తెలుగుపండితుడనుగా నున్న కాలమున నాతోడి ఆంగ్లోపాధ్యాయుడొకడు కతోలికుడు, రసికుడు. సాయంకాలములయందు అతడు తనకిష్టమైన నవలలను చదివి తెనిగించి చెప్పెడివాడు; బదులుగా నేనతనికి మనుచరిత్రమును, పాండురంగమాహాత్మ్యమును వినిపించెడివాడను. ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే నా ప్రసంగమునకు మూలధనము. చిత్రములను మా మనుమడు కంప్యూటరులో చూపగా పిమ్మట చూచితిని.

మన యాలంకారికు లుపదేశమును మూడువిధములుగా విభజించిరి. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనసు కరగించి త్రోవకు దెచ్చును. రోమునందలి పెద్దలు తొలుత ప్రభుమార్గమునే పట్టిరి. ఐరోపాఖండమున అచ్చుయంత్రము వెలసి నూఱేండ్లయి, పుస్తకములు సంతలో కూరగాయలవలె దొరకసాగినప్పుడు, మతభేదములు ప్రబలినప్పుడు, నాలుగవ పౌలను పోపు 1559లో నిషిద్ధగ్రంథముల పట్టికను ప్రకటించెను. 1564లో ట్రెంటు మహాసభానంతరము దానిని సవరించి మఱియొక పట్టిక వెలువరించిరి. అట్లు మొదలైన పట్టిక తరతరముల పెరిగి, 1948లో కడపటిసారి ముద్రితమై, 1966లో శాసనబలమును గోల్పోయినది. ఖగోళశాస్త్రజ్ఞుడగు గలిలియో గ్రంథమును అందుండెడిది; దాని కథ వేఱు, నేటికి వలదు.

ఆ పట్టికలోని యొక నవలను మాత్రము మీరెఱుగుదురు. ఎఱుగమందురేమో! విక్టర్ హ్యూగో యను ఫ్రెంచి మహాకవి 1862లో ప్రకటించిన ‘లే మిజరాబ్లు’ అను నవల యది. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన ‘బీదలపాట్లు’ చిత్రమునకు మాతృక యదియే. ఆ చిత్రమును చూచినవారు, చూచినవారి నోట విన్నవారు మీలో నుండకపోరు. ఒక్క రొట్టె దొంగిలించిన పాపమునకు, పాఱిపోజూచిన నేరమునకు కలిసి పందొమ్మిదియేండ్లు చెఱయనుభవించిన యొక నిర్భాగ్యుడు విడుదలై వచ్చును. ఏ యింటివారును తలుపు తీయరు. ఆ యూరి మేత్రాణి, అనగా కతోలికులలో అనేక గుడులకును గురువులకును పైయధికారి, అన్నము పెట్టి పరుపు వేయించును. వాడు రాత్రివేళ వెండి సామాను మూటగట్టుకొని పోవును. రక్షకభటులు పట్టి తెచ్చి నిలువబెట్టగా, ఆ ముసలి మేత్రాణి వారియెదుటనే, అది నేనితనికిచ్చిన సొమ్మే, దీపస్తంభములను గూడ ఇచ్చితిని గదా, అవి మఱచి పోయినాడేమి, యని తానే తెచ్చి చేతిలో పెట్టును. అచ్చటినుండి వాని జన్మమే మాఱిపోవును.

కతోలికగురువునకు ఇంతకంటె వెలలేని స్తోత్రమును నవలాలోకమున మఱియెవరైన చేసిరో లేదో నాకు తెలియదు. అట్టి గ్రంథమును 1864లో పట్టికకెక్కించిరి! 1959 వఱకు దానిని తొలగింపలేదు. అందు విప్లవమును మెచ్చుకొను మాటలున్నవి, మఠజీవనమును తప్పుపట్టు పుటలున్నవి, కాదనను. అయినను మాటలను లెక్కించువారికి మనిషి కనబడడు. ఒక సంధి తప్పిన పద్యమును గుర్తించి, ఆ పద్యములో నేడ్చుచున్న తల్లిని గుర్తింపని పండితులను నేను మా శాస్త్రమునందును జూచియున్నాను.

చలనచిత్రము వచ్చిన తరువాత ఈ విచారణకు క్రొత్తబలము వచ్చినది. చదువనేర్వనివాడు పుస్తకమువలన చెడిపోడు; చిత్రమునకు చదువక్కఱలేదు. అమెరికాదేశమున 1930లో డేనియల్ లార్డ్ అను యేసుసభ గురువును, మార్టిన్ క్విగ్లీ యను కతోలిక పత్రికాధిపతియు కలిసి చిత్రనిర్మాతలకొక నియమావళిని వ్రాసిరి. నేరము చేసినవానిపై ప్రేక్షకునకు మమకారము పుట్టగూడదు. వివాహధర్మము పవిత్రముగా నుంచవలెను. మతగురువులను హాస్యగాండ్రుగా గాని దుష్టులుగా గాని చూపరాదు. ఇట్టివి ఆ నియమములు. 1934లో అవి గట్టిగా నమలులోనికి వచ్చినవి. ఆ యేడే ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ యను సభ్యతారక్షణసంఘమేర్పడి, చిత్రములకు తరగతులు కట్టి, నిషిద్ధములని తేల్చినవానిని చూడమని జనులచేత గుడులలో ప్రమాణము చేయించినది. 1936లో పదునొకండవ పయస్ పోపు ఒక విశ్వలేఖ వ్రాసి ఆ ప్రయత్నమును కొనియాడెను.

ఇది మూఢత్వమని నవ్విపోవువారితో నేనేకీభవింపను. చీకటిగదిలో వేయిమంది కన్నులు విప్పార్చుకొని కూర్చుండగా, వారి బలహీనతలమీద వర్తకము చేయువారు ఆనాడును కలరు, ఈనాడును కలరు. పిల్లల మంచి కోరువారు అడ్డుపడుట సహజము. ఆ నియమములక్రింద చక్కని చిత్రములును వచ్చినవి. 1944 నాటి ‘గోయింగ్ మై వే’ అను చిత్రమున పాటలు పాడు యువగురువు వేషము కట్టిన బింగ్ క్రాస్బీకి ఆస్కారు బహుమానము వచ్చినది. శ్రీరామనవమిపానకమువలె తీయగా నుండు చిత్రము. అయితే పానకమువలన దాహము తీరునే గాని, ఆకలి తీఱదు.

ఆకలి తీర్చు కథయొకటి చెప్పెదను. గ్రేహమ్ గ్రీన్ అను ఆంగ్లరచయిత 1926లో కతోలికమతము పుచ్చుకొన్నవాడు. 1938లో అతడు మెక్సికోదేశమునకు బోయెను. అందు టబాస్కో యను రాష్ట్రమున అంతకు కొలదియేండ్లముందు గుడులు పడగొట్టి, గురువులను తఱిమివైచి, పెండ్లియాడినవారిని మాత్రమే బ్రతుకనిచ్చిన కాలమొకటి నడచినది. ఆ సంగతులు విని, ఆ నేల ద్రొక్కి, 1940లో గ్రీన్ ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ యను నవలను ప్రకటించెను.

కథానాయకుడొక గురువు. వానికి పేరు పెట్టలేదు. ఆ రాష్ట్రమున మిగిలిన కడపటి గురువతడే. వీరుడు గాడు; త్రాగుబోతు. ఒంటరితనమున, భయమున, మత్తున ఒకనాడు బ్రహ్మచర్యవ్రతము చెడి ఒక స్త్రీవలన కూతును గన్నవాడు. చావన్న భయము. అయినను, పల్లెనుండి పల్లెకు దాగుచు తెల్లవాఱకముందే దివ్యబలిపూజ చేయుచు, బిడ్డలకు జ్ఞానస్నానమిచ్చుచు, చావనున్నవారి పాపసంకీర్తనము వినుచు తిరుగును. వానిని తఱుము పోలీసధికారి యన్ననో మహానిష్ఠాపరుడు. త్రాగడు, స్త్రీలంపటుడు గాడు, లంచము ముట్టడు, బీదబిడ్డలకు మేలు చేయవలెనని నిజముగా కోరువాడు. చూచితిరా రచయిత సాహసము! సద్గుణములన్నియు తఱుమువానికి పెట్టి, దుర్గుణములన్నియు తఱుమబడువానికి పెట్టినాడు.

ఒకచోట గురువు పూజకొఱకు ద్రాక్షరసము కావలసి, ఉన్న సొమ్మంతయు పెట్టి దొంగచాటున నొక సీసా కొనును. అమ్మినవాడు, వానితో కూడిన పెద్దమనుష్యుడు, మర్యాదకు మనమందఱమును త్రాగుదమని కూర్చుండి ఆ సీసాను వాని కన్నులయెదుటనే ఖాళీచేయుదురు. కాదనిన గుట్టు బయటపడును. ఇతడు కన్నీరు కార్చుచు చూచుచుండును. త్రాగుబోతు ద్రాక్షరసముకొఱకే యేడ్చుచున్నాడు. కాని తాను త్రాగుటకు గాదు. ఈ ఘట్టమును నా మిత్రుడు చదివి వినిపించిన సాయంకాలము మేమిద్దఱమును చాలసేపు మాటలాడలేదు.

చివరకతడు సరిహద్దు దాటి క్షేమస్థలము చేరును. అచ్చటికొకడు వచ్చి, తుపాకిదెబ్బ తిన్న బందిపోటొకడు చావుబ్రతుకుల మధ్య గురువును కోరుచున్నాడని చెప్పును. అది వల యని, పిలువవచ్చినవాడు ద్రోహి యని ఇతడెఱుగును. ఎఱిగియు వెనుకకు బోయి చిక్కి చంపబడును. చావునకు ముందురాత్రి తన పాపసంకీర్తనము వినుటకు పెండ్లియాడి బ్రతికిన యొక ముసలి గురువును వేడుదురు. అతడు భయపడి రాడు. దేవునియెదుటకు రిక్తహస్తములతో పోవుచున్నానను చింతతోడనే ఇతడు మరణించును.

ఇందలి ముడి యిది. పాపము క్షమింపబడవలెనన్నచో పశ్చాత్తాపము వలయును గదా. తాను చేసిన పాపమును తలంచుకొన్నప్పుడెల్ల గురువునకు ఆ కూతురే కన్నులలో మెదలును. ఆ పిల్లను ద్వేషింపలేడు. ఆ పిల్ల పుట్టకుండిన బాగుండునని మనసార అనలేడు. పాపము నొల్లననవలెను, పాపఫలమును ప్రేమించుచున్నాడు! తాను నరకమునకు బోయినను సరియే, ఆ పిల్లను రక్షింపుమని దేవుని వేడును. తన పడిపోవుటయే తనకు ప్రేమను నేర్పినది. వెనుకటి రోజులలో, పాపము లేక గౌరవముగా బ్రతికినప్పుడు, తనకెవరియందును ప్రేమ లేకుండెనని కనుగొనును.

ఇది విన్ననాడు నాకు తోచిన పేరొక్కటే: అజామిళుడు. భాగవత షష్ఠస్కంధకథ మీకందఱికిని తెలిసినదే. తెలుగున నా స్కంధమును రచించినవాడు ఏర్చూరి సింగన. కన్యాకుబ్జమున సదాచారుడగు బ్రాహ్మణుడు దాసీసంగమున చెడి, పదుగురు కొడుకులను గనును. కడగొట్టువాని పేరు నారాయణుడు. యమభటులు వచ్చినవేళ దేవుని బిలువడు, తన కొడుకునే బిలుచును. ఆ కొడుకు పాపమునకు పుట్టినవాడే! ఆ పిలుపే వానిని కాచినది. పిలిచినవాని యోగ్యతతో నామమునకు పనిలేదని మన పౌరాణికులు చెప్పుదురు.

కతోలికులకును ఇట్టి సిద్ధాంతమొకటి కలదు. వారి మతమున జ్ఞానస్నానము, పాపసంకీర్తనము, దివ్యసత్ప్రసాదము మొదలగు సంస్కారములు ఏడు, వానిని దేవద్రవ్యానుమానములందురు. అవి చేయించు గురువు పాపియైనచో అవి ఫలించునా ఫలింపవా యని ఉత్తరాఫ్రికాదేశమున గొప్ప కలహము పుట్టినది. ఫలింపవని డొనాటసు పక్షమువారు వాదించిరి. ఐదవ శతాబ్ది ప్రారంభమున అగస్తీను మేత్రాణి దానిని ఖండించెను. రాతికాలువలో పారునప్పుడు రాతికి మొలక రాకపోవచ్చును, కాని ఆ నీరు మళ్లను చేరి పండించును గదా యను పోలికను అతడు చూపెను. గ్రీన్ నవల యంతయు ఆ రాతికాలువ కథయే. తాను మొలకెత్తలేదని యేడ్చుచునే మళ్లకు నీరు మోసినాడు.

ఇక చలనచిత్రము సంగతి. జాన్ ఫోర్డ్ అను ప్రసిద్ధ దర్శకుడు, తానును కతోలికుడే, 1947లో ఈ నవలను ‘ది ఫ్యుజిటివ్’ అను పేర చిత్రముగా తీసెను. గురువు వేషమున హెన్రీ ఫోండా నటించెను. కాని నియమావళి యున్నది గదా! గురువును పతితునిగా చూపుట యెట్లు? త్రాగుడు పోయినది. బిడ్డ పోయినది. పోయినదనుటకంటె చేయి మాఱినదనవలెను: ఆ బిడ్డకు తండ్రిని పోలీసధికారిని చేసిరి! అజామిళుని కొడుకును యమభటునకు దత్తమిచ్చినట్లయినది. చిత్రములోని వెలుగునీడలు అద్భుతములు. గుడి తలుపు తెఱచి గురువు లోనికి వచ్చునప్పుడు వాని నీడ సిలువయాకారమున పడుట నేటికిని నా కన్నులకు గట్టినట్లున్నది. ఫోర్డునకును తన చిత్రములలో నిదియన్న ప్రీతి మెండట. డబ్బు మాత్రము రాలేదు. డబ్బు మాట యటుంచుడు. ఆ గురువు వెనుకకు మఱలి చావునకు బోవునప్పుడు మనకు గౌరవము కలుగును, గుండె కదలదు. మంచివాడు మంచిపని చేసినాడు, అంతియే. క్షమింపవలసినదేమియు లేనిచోట క్షమకు పనియేమి?

మతమును కాపాడుటకై వ్రాసిన నియమము ఆ మతముయొక్క ప్రాణసిద్ధాంతమునే చిత్రమునుండి కోసివేసినది. నా మిత్రుడు కతోలికుడయ్యును ఈ మాటను నాకంటె ముందుగా ఒప్పుకొన్నాడు.

అట్లయిన పాపమును చూపునదెల్ల మంచి కథయేనా యని మీరడుగవచ్చును. కాదు. తెనాలి రామకృష్ణుని నిగమశర్మోపాఖ్యానమును జూడుడు. నిగమశర్మ దుర్వృత్తిని కవి ఏమియు దాచలేదు. అయినను అది చదివి చెడిపోయినవాడు లేడు. ఏలయన వాని ప్రక్కనే అక్క యున్నది. తమ్ముని దారికి దెచ్చుటకై పుట్టినింటికి వచ్చిన ఆ యక్క, తెల్లవాఱులేచి చూచునప్పటికి తన ముక్కఱతో సహా నగలన్నియు పోయినవని యేడ్చునప్పుడు, నవ్వును వచ్చును, పాపమెవరిని కొట్టునో తెలిసియు వచ్చును. పాపము వెల యెంతో చూపిన కవి వేఱు. పాపమును వెలకు పెట్టిన వర్తకుడు వేఱు. నియమావళి వ్రాసినవారికి ఈ భేదము తెలియకపోలేదు గాని, భేదమును వాక్యములలో బిగించి అధికారి చేతికిచ్చినప్పుడు అది జాఱిపోయినది. క్షేమేంద్రుడు ఔచిత్యమునకు ఉదాహరణములిచ్చెను గాని కొలబద్ద యీయలేదు, ఈయవలనుపడదు గనుక.

రోమునకును గ్రీన్ నవల మింగుడుపడలేదు. 1953లో అచ్చటి ధర్మపరిరక్షణసభవారు దానిని తప్పుపట్టి, లండనునందలి కార్డినలు ద్వారమున రచయితకు వార్త పంపిరి. పట్టికకెక్కింపలేదు గాని దిద్దుకొమ్మనిరి. హక్కులు ప్రకాశకుల చేతులలో నున్నవని చెప్పి గ్రీన్ మర్యాదగా తప్పించుకొనెను. అప్పుడు రోములోనే యొక యధికారి ఆ గ్రంథమును మెచ్చి వెనుకవేసికొని వచ్చినాడు. ఆయన పేరు మోంతీనీ. ఆయనయే 1963లో ఆఱవ పౌలను పేర పోపయ్యెను. 1965లో గ్రీన్ తన్ను చూడవచ్చినప్పుడు, ఆ నవల చదివితిననియు, మీ గ్రంథములలో కొన్ని భాగములు కొందఱికెప్పుడును నొప్పి కలిగించుననియు, దానిని లెక్కింపవలదనియు ఆయన చెప్పినట్లు గ్రీన్ వ్రాసికొన్నాడు. నిషిద్ధగ్రంథపట్టిక శాసనబలము తొలగినది ఆ మఱుసటి సంవత్సరమే, ఆ పోపుగారి కాలముననే.

చిత్రములలో ఈ దృష్టిని సంపూర్ణముగా చూపినది ఫ్రాన్సుదేశపు రాబర్ట్ బ్రెస్సాన్ అని నా యభిప్రాయము. జార్జి బెర్నానోస్ 1936లో వ్రాసిన నవలనుండి 1951లో నతడు ‘ఒక పల్లెగురువు దినచర్య’ యను చిత్రమును తీసెను. ఉత్తరప్రాంతపు కుగ్రామమునకు క్రొత్తగా వచ్చిన యువగురువు. కడుపులో తెలియని రోగము. రొట్టెను ద్రాక్షరసమున ముంచుకొని తినుట తప్ప వేఱాహారము సయింపదు. ఊరివారు త్రాగుబోతందురు. బిడ్డ చచ్చిన దుఃఖమున దేవునిపై పగబట్టిన జమీందారిణియొకతె ఇతనితో వాదించి వాదించి, చివరకు ద్వేషమును వదలి, ఆ రాత్రియే శాంతిగా కన్నుమూయును. ఆమెను వేధించి చంపినాడని ఇతనిమీదనే నింద పడును. పట్టణమునకు బోయి వైద్యునకు చూపుకొన్నపుడు కడుపులో పుండు ప్రాణాంతకమని తెలియును. చనిపోవునది ఎక్కడననుకొన్నారు? గురుత్వము విడిచి యొక స్త్రీతో కాపురముండు పాతసహాధ్యాయి యింటిలో. పాపవిమోచనము పలుకుమని ఆ పతితుడైన మిత్రునే వేడును, వాడే పలుకును. మరల రాతికాలువయే!

ఈ చిత్రమున అద్భుతమేదియు కనబడదు. ఆకాశవాక్యము లేదు, తేజోమండలము లేదు. గురువు మరణమును గూడ చూపక, తెల్లని తెఱపై ఒక సిలువగుర్తును మాత్రము నిలిపి, వాని తుదిమాటలను వినిపించి విడిచినాడు. ఆనందవర్ధనుడు చూచిన మెచ్చుకొనును. రసము వ్యంగ్యమేగాని వాచ్యము గాదని గదా ఆయన సిద్ధాంతము. శృంగారమని యుచ్చరించినంతమాత్రమున శృంగారము పుట్టదు. అట్లే దైవానుగ్రహమని పలుకుటచేత అనుగ్రహము ప్రేక్షకునకు తగులదు. పాపము, రోగము, నింద వాచ్యములు, అనుగ్రహము వ్యంగ్యము. మన భక్తిచిత్రములలో పాదములకడ పూలు కురిపించి, చేతినుండి వెలుగు విసిరించి వ్యంగ్యమును వాచ్యము చేసెదరు. నాకు భక్తిచిత్రములన్న నిష్టమే. అయినను బ్రెస్సాన్ చిత్రమును చూచిన తరువాత ఆ పూలవాన కొంచెము తగ్గించిన బాగుండునని తోచును.

కతోలికుల చూపు ఎంత మాఱినదనుటకు ఇంకొక్క యుదాహరణము చాలును. ఇటలీదేశపు పాసోలీని మార్క్సువాది, నాస్తికుడు. 1963లో ఒక చిత్రము కారణముగా మతదూషణమను నేరము మోపబడి శిక్షింపబడినవాడు. అతడే 1964లో మత్తయి సువార్తను చిత్రముగా తీసి, అంతకుముందటి యేడు గతించిన ఇరువదిమూడవ యోహాను పోపు స్మృతికి అంకితమిచ్చెను. సంభాషణములన్నియు సువార్తలోని మాటలే. నటులు వృత్తినటులు గారు. వృద్ధయైన మరియమ్మగా నటించినది దర్శకుని కన్నతల్లి. వెనిసు ఉత్సవమున అంతర్జాతీయ కతోలిక చలనచిత్రసంస్థ దానికి బహుమానమిచ్చినది. చలనచిత్రము పుట్టి నూఱేండ్లయిన సందర్భమున 1995లో వాటికన్ వారు నలువదియైదు ఉత్తమచిత్రముల పట్టిక ప్రకటించినప్పుడు అందిది చేరినది. నిషిద్ధపట్టికలు వెలువడిన చోటనే ప్రశస్తపట్టిక! అందు మన మహాత్ముని జీవితమును గూర్చి 1982లో వచ్చిన ‘గాంధీ’ చిత్రమును కలదని పెద్దలు విని సంతోషింతురుగాక.

మన తెలుగునాటి సంగతి యొకమాట. క్రీస్తుచరిత్రము మనకు క్రొత్త గాదు. పదునెనిమిదవ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి దానిని ‘వేదాంతరసాయనము’ అను కావ్యముగా రచించెను. 1978లో ‘కరుణామయుడు’ చిత్రము వచ్చినప్పుడు మతభేదము లేక పల్లెజనము చూచినది. క్రీస్తుగా నటించిన విజయచందరుగారే 1986లో షిరిడీ సాయిబాబాగా నటించిరి. రెండు వేషములకును చేతులు జోడించిన ముసలమ్మలను నేనెఱుగుదును. ప్రేక్షకుని హృదయమున పట్టికలుండవు.

గ్రీన్ నవలాకథను కొంతకాలము క్రిందట మా మనుమనికి చెప్పితిని. పదునైదేండ్లవాడు. త్రాగుబోతు గురువనగానే నవ్వినాడు. ద్రాక్షరసపు ఘట్టమున నవ్వు మానినాడు. వల యని తెలిసియు వెనుకకు బోయెనని చెప్పగా ఏల పోయెనని యడుగలేదు. అంతయు విని, ఆ పిల్ల యేమయ్యెను తాతయ్యా యని యడిగినాడు. గ్రంథమున లేదని చెప్పితిని. తండ్రి వేడుకొన్నాడు గదా, దేవుడు విన్నాడా యని మరల నడిగినాడు. అదియు గ్రంథమున లేదు. వాడు ఆ పూట ఫోను ముట్టక అరుగుమీద చాలసేపు కూర్చుండెను.